పాటకి ఎవరిచ్చారు పైసలు?

ముందుగా ఒక ప్రశ్న. మీరు ఎప్పుడైనా ఒక పాటని డబ్బులిచ్చి కొన్నారా? యాప్ సబ్‌స్క్రిప్షన్ లెక్కలోకి రాదు. రీఛార్జ్‌తో పాటు ఫ్రీగా వచ్చిందీ రాదు. అన్నయ్య ఫ్యామిలీ ప్లాన్‌లో దూరడం అస్సలు రాదు. ఒక పాట, దానికొక ధర, ఆ ధర కట్టి ఆ పాటని సొంతం చేసుకోవడం. అలా ఎప్పుడైనా జరిగిందా?

ఇబ్రహీంపట్నం వైపు వెళ్ళే మా కాలేజీ బస్సులో ఈ ప్రశ్న అడిగితే ముందు సీటు నుంచి వెనక సీటు దాకా ఒక్క చెయ్యి కూడా లేవలేదు. "పాటని కొనుడేంది రా, పాట ఏమన్నా చొక్కానా?" అన్నాడు ఒక దోస్తు. అందరూ నవ్వారు. వాడన్నదాంట్లో వింతేమీ లేదు. 2006, 2007 ప్రాంతంలో పుట్టిన మన బ్యాచ్‌కి క్యాసెట్ అంటే అటక మీది సామాను, సీడీ అంటే పిన్ని పెళ్ళి వీడియో ఉన్న డిస్కు. కానీ పాటలు మాత్రం మనం అమ్మానాన్నల కంటే ఎక్కువే వింటాం. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేలోపు చూడండి, ఇయర్‌బడ్స్ లేని చెవుల కోసం వెతుక్కోవాలి.

ఇంత వింటున్నాం, ఒక్కటీ కొనలేదు. మరి మనమంతా దొంగలమేనా?

పైరసీ గురించి ఎవరు మాట్లాడినా మామూలుగా రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, జనానికి నీతి లేదు. రెండోది, రేటు తగ్గిస్తే పైరసీ దానంతట అదే పోతుంది. మన ఏరియాలో పాటలు ఎలా చేతులు మారాయో చూస్తే ఈ రెండూ సగం సగమే నిజం అనిపిస్తుంది. పాటని ఎవరు సులువుగా చేతిలో పెడితే జనం వాళ్ళకి డబ్బులిచ్చారు. ఆ సులువు చట్టబద్ధమైన యాప్‌లలో దొరికాక పాటల పైరసీ తగ్గింది. కానీ అదే ఊపులో, పాటకంటూ విడిగా ఉండే ధర కూడా పోయింది. ఆ దెబ్బ పెద్ద సినిమా పాటకి పెద్దగా తగల్లేదు. హాస్టల్‌లో మన పక్క రూమ్‌లో గిటార్ పట్టుకుని సొంతంగా పాటలు కట్టుకునేవాడికి తగిలింది. నేను చెప్పాలనుకున్నది ఇదే. ఒక్కొక్కటిగా చూద్దాం.

50 రూపాయలకి 800 పాటలు

మా మేనమామకి ఒకప్పుడు కొత్తపేటలో చిన్న మొబైల్ షాపు ఉండేది. రీఛార్జ్ కార్డులు, ఛార్జర్లు, ఫోన్ కవర్లు, వాటితో పాటు ఒక కంప్యూటర్, ఒక కార్డ్ రీడర్. అద్దం మీద "ఇక్కడ పాటలు ఎక్కించబడును" అని స్టిక్కర్. 2010 ప్రాంతంలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెయిన్ రోడ్డు మీదా, సందుల్లోనూ ఇలాంటి షాపులు చాలానే ఉండేవి. కీప్యాడ్ ఫోన్‌లోంచి మెమరీ కార్డు తీసి ఇస్తే పాటలు నింపి ఇచ్చేవారు. మామ కంప్యూటర్‌లో ఫోల్డర్లు కూడా పద్ధతిగా ఉండేవట: చిరంజీవి హిట్స్, ఇళయరాజా మెలొడీస్, బోనాల పాటలు, అయ్యప్ప పాటలు, కొత్త సినిమాలు, డీజే మిక్స్. ఆటో డ్రైవర్ వస్తే ఏ ఫోల్డరో, హాస్టల్ పిల్లలు వస్తే ఏ ఫోల్డరో అడగకుండానే తెలిసిపోయేది.

4 జీబీ కార్డు నింపితే 50 రూపాయలు. మామూలు క్వాలిటీ ఎంపీ3 పాట ఒకటి సుమారు 5 ఎంబీ ఉంటుంది. అంటే కార్డులో 800 పాటలు. ఒక్కో పాటకి పడింది సుమారు 6 పైసలు.

ఇది పైరసీయే, అందులో డౌట్ లేదు. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ ప్రకారం, తెలిసి చేసిన ఉల్లంఘనకి 6 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ఆ షాపులకొచ్చే కస్టమర్లలో ఈ సెక్షన్ సంగతి తెలిసినవాళ్ళు ఎంతమంది ఉంటారు? వాళ్ళ దృష్టిలో అది ఫోన్‌కి స్క్రీన్ గార్డ్ వేయించుకోవడం లాంటి పని.

ఈ వ్యాసం మొదలుపెట్టే ముందు మామని అడిగాను. "మామా, పాటకి 6 పైసలు తీసుకున్నావు కదా, అందులో పాడినవాళ్ళకి ఏమన్నా పోయిందా?" ఆయన ఏమీ ఆలోచించకుండా, "పాటకి ఎవడిచ్చిండు రా పైసలు? ఎక్కించినందుకు ఇచ్చిండ్రు" అన్నాడు.

నాకు ఆ మాట బాగా పట్టుకుంది. కస్టమర్ దృష్టిలో పాట గాలిలాంటిది, ఎక్కడైనా ఉంటుంది. దాన్ని వెతికి, ఏరి, ఫోల్డర్లు చేసి, ఫోన్‌లో పెట్టి ఇవ్వడం మాత్రం పని. పనికి కూలి ఇవ్వాలి కదా, ఇచ్చాడు. పాటలు వెబ్‌సైట్లలో ఫ్రీగా ఉన్న మాట నిజమే. కానీ ఇంట్లో కంప్యూటర్, బ్రాడ్‌బ్యాండ్ లేనివాడికి ఆ ఫ్రీ అందదు. మొబైల్ డేటా మీద దించుకుందామంటే అప్పట్లో ఒక జీబీకి 200 రూపాయల పైనే. అంటే 5 ఎంబీ పాటకి డేటా ఖర్చే రూపాయి దాటుతుంది. షాపులో అదే పాట 6 పైసలు. "ఫ్రీ" పాట కంటే షాపులో కొన్న దొంగ పాటే చౌక!

ఇది మెమరీ కార్డులతో మొదలైన కథ కూడా కాదు. నాన్న సూర్యాపేట నుంచి వచ్చి గడ్డిఅన్నారంలో రూమ్ తీసుకుని చదువుకున్న రోజుల్లో, తెల్ల కాగితం మీద పాటల లిస్టు రాసి రికార్డింగ్ షాపులో ఇచ్చేవాడట. వాళ్ళు 60 నిమిషాల ఖాళీ క్యాసెట్‌లోనో, 90 నిమిషాల క్యాసెట్‌లోనో ఆ పాటలన్నీ వరుసగా ఎక్కించి రెండు రోజుల తర్వాత ఇచ్చేవారు. ఆయనకి కావాల్సిన 12 పాటలు 8 సినిమాల్లో ఉండేవి. అవన్నీ అసలు క్యాసెట్లలో కావాలంటే 8 క్యాసెట్లు కొనాలి. అంత డబ్బు ఆయన దగ్గర లేదు. ఉన్నా, ఆ 12 పాటల్ని తన వరుసలో పెట్టి అమ్మే కంపెనీ ఒక్కటీ లేదు. మనం ఇప్పుడు ప్లేలిస్ట్ అంటున్న వస్తువుని ఆయన అప్పుడే డబ్బులిచ్చి చేయించుకున్నాడు.

రేటు తగ్గిస్తే సరిపోతుందా?

రేటు తగ్గిస్తే పైరసీ తగ్గుతుందనడానికి మన దేశంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 1980ల మొదట్లో హిందీ పాటల వ్యాపారంలో హెచ్‌ఎంవీదే రాజ్యం. అసలు క్యాసెట్ ధర ఎక్కువ, దొరికే చోట్లు తక్కువ. ఆ ఖాళీలో దొంగ క్యాసెట్లు విపరీతంగా నడిచాయి. 1983లో గుల్షన్ కుమార్ మొదలుపెట్టిన సూపర్ క్యాసెట్స్, అంటే మనకి తెలిసిన టీ-సిరీస్, క్యాసెట్ ధరని బాగా కిందికి దించింది. అసలు క్యాసెట్ ధర దొంగ క్యాసెట్ ధరకి దగ్గరగా వచ్చేసరికి పైరసీలో లాభం తగ్గింది. పీటర్ మాన్యుయెల్ అనే పరిశోధకుడు 1993లో వచ్చిన "క్యాసెట్ కల్చర్" పుస్తకంలో ఈ కథంతా రాశాడు. అయితే ఆ కథలో ఇంకో ముక్క ఉంది. టీ-సిరీస్ క్యాసెట్లు కిరాణా కొట్లలో, పాన్ డబ్బాల్లో కూడా దొరికేవి. అంటే రేటు తగ్గించడంతో పాటు, జనం రోజూ వెళ్ళే చోటికి పాటని తీసుకెళ్ళారు.

ఈ రెండో ముక్క మర్చిపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ మనం కొంచెం పెద్దయ్యాక జరిగింది. 2012 ఫిబ్రవరిలో ఫ్లిప్‌కార్ట్ "ఫ్లైట్" పేరుతో ఆన్‌లైన్ ఎంపీ3 షాపు తెరిచింది. పాట 6 రూపాయల నుంచి మొదలు. డీఆర్‌ఎం తాళాలు లేని ఫైల్, కొన్నాక ఏ ఫోన్‌లోనైనా వేసుకోవచ్చు. అదే ఏడాది డిసెంబర్‌లో యాపిల్ ఐట్యూన్స్ స్టోర్ ఇండియాకి వచ్చింది. 2003లో అమెరికాలో పాటని 99 సెంట్లకి అమ్మి డిజిటల్ అమ్మకాలకి దారి వేసిన షాపు అది. ఇక్కడ ధరలు అమెరికా కంటే చాలా తక్కువ పెట్టింది. అంటే 2012 చివరికి మన దగ్గర నిజాయితీగా పాట కొనడానికి మంచి షాపులు ఉన్నాయి, రేట్లు కూడా తక్కువే.

2013 జూన్‌కల్లా ఫ్లైట్ మూతబడింది. ఏడాదిన్నర కూడా నడవలేదు. మూసేటప్పుడు కంపెనీ చెప్పిన కారణాల్లో రెండు గుర్తుపెట్టుకోండి: పైరసీ, చిన్న మొత్తాలు సులువుగా కట్టే మార్గం లేకపోవడం.

మామ షాపు పక్కన ఫ్లైట్‌ని నిలబెట్టి చూద్దాం. అదే 800 పాటలు, పాటకి కనీస ధర 6 రూపాయలు వేసుకున్నా 4,800 రూపాయలు. షాపులో 50. ఇంత తేడా ఉంటే నీతి గురించి ఎంత చెప్పినా ఏం లాభం? డబ్బు సంగతి పక్కన పెట్టండి. 6 రూపాయల పాట కొనాలంటే ముందు కంప్యూటర్ ఉండాలి, నెట్ ఉండాలి, బ్యాంకు కార్డు ఉండాలి. తర్వాత 16 అంకెల నంబర్, ఎక్స్‌పైరీ డేట్, సీవీవీ, ఆ పైన పాస్‌వర్డో ఓటీపీయో కొట్టాలి. అన్నీ అయ్యాక ఆ ఫైల్‌ని కేబుల్ పెట్టి ఫోన్‌లోకి మార్చాలి. కొత్తపేట చౌరస్తాలో ఆటో ఆపుకుని 10 నిమిషాల్లో పాటలు ఎక్కించుకునే మనిషికి ఇదంతా చెప్పి చూడండి. పాట ధర ఒక్క రూపాయి అన్నా ఆయన వెళ్ళేవాడు కాదు.

సరే, రేటు సున్నాకి తెస్తే? అది కూడా ఒకరు చేసి చూశారు. 2007 అక్టోబర్ 10న రేడియోహెడ్ అనే ఇంగ్లీష్ బ్యాండ్ తమ "ఇన్ రెయిన్‌బోస్" ఆల్బమ్‌ని సొంత వెబ్‌సైట్‌లో పెట్టి, ఎంత ఇవ్వాలనిపిస్తే అంత ఇవ్వండి అంది. ఏమీ ఇవ్వకపోయినా ఆల్బమ్ వస్తుంది. అయినా మొదటి రోజే సుమారు 4 లక్షల మంది దాన్ని టొరెంట్‌లో దించుకున్నారు, నవంబర్ 3 నాటికి ఆ లెక్క 23 లక్షలకి చేరింది. ఫ్రీగా ఇస్తుంటే దొంగతనం ఎందుకు? ఎందుకంటే వాళ్ళకి అలవాటైన దారి అది. వెబ్‌సైట్‌లో పేరు, ఈమెయిల్ కొట్టడం కన్నా టొరెంట్ క్లిక్ చేయడం వాళ్ళకి తేలిక.

పాటల షాపుని మూయించిన సిమ్ కార్డు

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. మొదటి నెలలు డేటా ఫ్రీ, ఆ తర్వాత కూడా చౌక. అప్పటికే గానా, సావన్, వింక్ లాంటి యాప్‌లు యాడ్స్ పెట్టి పాటలు వినిపిస్తున్నాయి. 2019 ఫిబ్రవరిలో స్పాటిఫై, మార్చిలో యూట్యూబ్ మ్యూజిక్ వచ్చాయి. దాదాపు ప్రతి తెలుగు సినిమా పాటా, రిలీజైన నిమిషంలో, ఏ యాప్‌లో వెతికినా దొరుకుతోంది. వెతికి, ఏరి, వరుసలో పెట్టి ఇచ్చే మామ పనిని యాప్ ఫ్రీగా చేయడం మొదలుపెట్టింది. ఏ రెయిడ్ జరగలేదు, ఎవరూ తాళం వేయలేదు. కార్డు పట్టుకుని వచ్చే కస్టమరే రావడం మానేశాడు. స్టిక్కర్ మాత్రం చాలా రోజులు అద్దానికి అలాగే ఉందట.

ఇది మన దగ్గర మాత్రమే జరిగింది కాదు. లూయిస్ అగ్యార్, జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు స్పాటిఫై ప్రభావం మీద 2015లో ఒక అధ్యయనం చేశారు. స్ట్రీమింగ్ వల్ల పైరసీ తగ్గిందని తేల్చారు. దాంతో పాటే, పాటల అమ్మకాలు కూడా తగ్గాయని తేల్చారు. ఒక చేత్తో వచ్చింది, ఇంకో చేత్తో పోయింది, మొత్తం ఆదాయం దాదాపు అంతే ఉంది. ఈ రెండో సగం గురించి మనం ఎక్కువ మాట్లాడుకోం.

జనానికి నీతి లేదు అనేవాళ్ళకి మన ఏరియా నుంచే ఒక జవాబు ఉంది. అదే జనం, అదే జేబులు, అదే ఫోన్లు. పాటల పైరసీ తగ్గింది, సినిమాల పైరసీ మాత్రం ఐబొమ్మ దాకా పెరిగింది. 2025 నవంబర్‌లో ఆ సైట్‌ని నడుపుతున్నాడంటూ హైదరాబాద్ పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేసినప్పుడు, సోషల్ మీడియాలో చాలామంది అతని వైపే మాట్లాడారు. టికెట్ రేట్ల గురించి, పాప్‌కార్న్ రేట్ల గురించి తిట్టుకున్నారు. ఒకే మనిషి పాట విషయంలో బుద్ధిమంతుడు, సినిమా విషయంలో దొంగ ఎలా అయ్యాడు? పాటకైతే ఒక్క యాప్ చాలు. సినిమాకి ఒకటి ఆహాలో, ఒకటి నెట్‌ఫ్లిక్స్‌లో, ఒకటి ప్రైమ్‌లో, ఇంకోటి జియో హాట్‌స్టార్‌లో. అన్నీ ఒకే చోట, ఒకే వెతుకులాటలో దొరికింది దొంగ సైట్‌లోనే. తప్పుని ఒప్పు అనడం లేదు. తప్పు ఎక్కడ పుడుతోందో చూడమంటున్నాను.

మరి పోయిందేంటి?

ఇక్కడి దాకా కథ సుఖాంతంలా ఉంది. పైరసీ పోయింది, పాటలు అందరికీ దొరుకుతున్నాయి, కంపెనీలకి డబ్బులొస్తున్నాయి. అంతర్జాతీయ సంగీత సంస్థ ఐఎఫ్‌పీఐ లెక్కల్లో, 2024లో ప్రపంచవ్యాప్తంగా రికార్డింగుల ఆదాయంలో 69 శాతం స్ట్రీమింగ్ నుంచే వచ్చింది. ఇంకేం కావాలి?

స్ట్రీమింగ్‌లో డబ్బు ఎలా పంచుతారో ఒకసారి చూడండి, మన సబ్జెక్టే కాబట్టి త్వరగా అర్థమవుతుంది. స్పాటిఫై లాంటి యాప్‌లో సబ్‌స్క్రిప్షన్ల నుంచి, యాడ్ల నుంచి వచ్చిన డబ్బులో హక్కుదారుల వాటా మొత్తం ఒక కుండలో పడుతుంది. మొత్తం ప్లేలలో ఒక పాటకి ఎంత వాటా ఉందో, కుండలో అంత వాటా ఆ పాటకి. మీరు నెలంతా మీ ఫ్రెండ్ పాట ఒక్కటే విన్నా, మీరు కట్టిన డబ్బులో పెద్ద భాగం మీరు వినని సూపర్ హిట్ పాటలకి వెళ్తుంది. మన దేశంలో డబ్బు కట్టకుండా వినేవాళ్ళే ఎక్కువ కాబట్టి, ఒక్కో ప్లేకి వచ్చేది పైసల్లోనే ఉంటుంది. మామ షాపులో 6 పైసల రేటు గుర్తుందా? పాట ధర మళ్ళీ పైసల దగ్గరికే వచ్చింది. తేడా ఏంటంటే ఈసారి ఆ పైసలు చట్టబద్ధంగా వస్తున్నాయి, వినే ప్రతిసారీ వస్తున్నాయి. కోట్లసార్లు వినే సినిమా పాటకి అవన్నీ కలిసి పెద్ద మొత్తమే అవుతాయి. "అల వైకుంఠపురములో" పాటలకి యూట్యూబ్‌లో వచ్చిన వ్యూస్ చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

మన కాలేజీలో పాట కట్టుకున్నవాడి పరిస్థితి వేరు. 2024 నుంచి స్పాటిఫైలో ఇంకో రూల్ వచ్చింది. 12 నెలల్లో కనీసం 1,000 సార్లు ప్లే కాని పాటకి రికార్డింగ్ రాయల్టీ రాదు. అంటే 900 సార్లు వింటే వచ్చేది తక్కువ కాదు, సున్నా. మా హాస్టల్‌లో ఒక సీనియర్ ఉన్నాడు. తెలుగులో సొంతంగా పాట రాసి, ట్యూన్ కట్టి, ఫ్రెండ్ చేత పాడించి, మైకు అద్దెకి తెచ్చి, దుప్పట్లు కట్టిన రూమ్‌లో రికార్డ్ చేశాడు. అన్ని యాప్‌లలోకి పంపడానికి డిస్ట్రిబ్యూటర్‌కి ఎదురు డబ్బు కట్టాడు. పాట బాగుంది, ఫెస్ట్‌లో వందలమంది కేకలు పెట్టారు. ఆ ఏడాది వెయ్యి ప్లేలు దాటలేదు. పాటల పైరసీ లేదు, ఎవరూ దొంగిలించలేదు, అందరూ చట్టప్రకారమే విన్నారు. అతనికి ఒక్క రూపాయి రాలేదు.

ఇప్పుడు అమ్మకం లెక్క వేయండి. అదే పాటని 90 మంది 10 రూపాయలిచ్చి కొంటే 900 రూపాయలు. పెద్ద డబ్బు కాదు, మైకు అద్దె అయినా తిరిగొస్తుంది. రెండో పాట చేయాలా వద్దా అనేది చాలాసార్లు ఆ 900 దగ్గరే తేలిపోతుంది.

2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, సినిమా పాట రాసినవాళ్ళకి, బాణీ కట్టినవాళ్ళకి రాయల్టీ హక్కుని ఎవరూ రాయించుకోలేనట్టు చేశారు. చాలా మంచి మార్పు. కానీ హక్కు ఉన్నా, పంచుకోవడానికి ముందు ఒక మొత్తం అంటూ ఉండాలి. సున్నాలో ఎంత వాటా అయినా సున్నానే.

మోడ్ ఏపీకేల సంగతి

ఇంకో వైపు నుంచి పైరసీ తిరిగి వస్తోంది, ఈసారి దాన్ని తెస్తున్నది మన బ్రాంచే. ఫ్రీగా వినే తలుపులు ఒక్కొక్కటి మూసుకుంటున్నాయి. 2022లో గానా డబ్బు కట్టేవాళ్ళకి మాత్రమే అయింది. 2023లో స్పాటిఫై మన దేశంలో ఫ్రీగా వినేవాళ్ళకి ఆంక్షలు పెంచింది, పాటల్ని నచ్చిన వరుసలో వినడం కూడా కష్టమైంది. 2024లో వింక్ మూతబడింది. ఆ వెంటనే హాస్టల్ గ్రూపుల్లో ఏం తిరుగుతోందో మీకు నేను చెప్పక్కర్లేదు. టెలిగ్రామ్ లింకు, మోడ్ ఏపీకే, "ప్రీమియం ఫ్రీ, నో యాడ్స్". ఇన్‌స్టాల్ చేసి ఇచ్చేవాడు సీఎస్ఈ, చేయించుకునేవాడు సివిల్. మెమరీ కార్డు షాపు మళ్ళీ తెరుచుకుంది, అద్దం మీద స్టిక్కర్ లేదంతే.

మోడ్ యాప్‌తో యాడ్ నుంచి వచ్చే పైసలు కూడా పోతాయి. ఎవరో తెలియని మనిషి విప్పి మళ్ళీ కుట్టిన యాప్‌కి మన ఫోన్‌లో పర్మిషన్లు ఇస్తున్నాం. అదే ఫోన్‌లో మన బ్యాంకు ఉంది. నెట్‌వర్క్ సెక్యూరిటీ పరీక్షలో మార్కులు తెచ్చుకునేవాళ్ళకి ఇది ఎవరు చెప్పాలి?

"నెలకి అంత ఎక్కడ పెడతాం రా, మెస్ బిల్లు కట్టడానికే చావొస్తోంది" అంటారు. నిజమే, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో ఉండి చదువుకునేవాడికి ప్రతి వంద రూపాయలకీ లెక్క ఉంటుంది. అందుకే రేటు ముఖ్యం కాదని నేను అనను. రేటు ఎంత అన్నదానితో పాటు, ఎలాంటి ముక్కల్లో కట్టనిస్తున్నారు అన్నది కూడా ముఖ్యం. షాంపూ సీసా కొనలేనివాళ్ళు రూపాయి ప్యాకెట్ కొన్నారు, కంపెనీలు బతికాయి. స్పాటిఫై ఒకప్పుడు రోజుకి 7 రూపాయలు, వారానికి 25 రూపాయల ప్యాక్‌లు పెట్టింది, సగం ధరకి దగ్గరగా స్టూడెంట్ ప్లాన్ పెట్టింది. మన జేబుకి సరిపోయే ఆలోచనలు ఇలాంటివి. ఫ్రీ తలుపు మూసేముందు ఇలాంటి చిన్న మెట్లు కట్టకపోతే జనం గోడ దూకుతారు. గోడ దూకడం మనకి ఎలాగూ వచ్చు.

మన చేతిలో ఉన్నది

2013లో ఫ్లైట్ మూసేటప్పుడు చెప్పిన రెండో కారణం గుర్తుందా? చిన్న చెల్లింపులకి మార్గం లేదు అని. మూడేళ్ళలో, 2016లో, యూపీఐ వచ్చింది. ఇప్పుడు చైతన్యపురిలో మిర్చి బజ్జీల బండి మీద, సరూర్‌నగర్ చెరువు దగ్గర మొక్కజొన్న పొత్తుల బండి మీద క్యూఆర్ కోడ్ ఉంది. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపు మీద వ్యాపారి దగ్గర ఫీజు కూడా తీసుకోవడం లేదు, 10 రూపాయలు పంపితే 10 రూపాయలూ చేరతాయి. పాటలు అమ్మే షాపు ఉన్నప్పుడు చిల్లర కట్టే దారి లేదు. దారి వచ్చేసరికి షాపు లేదు. బజ్జీకి స్కాన్ చేసే చెయ్యి పాటకి స్కాన్ చేయడానికి మన చుట్టుపక్కల ఎక్కడా చోటు లేదు.

ఆ చోటు మనం పెట్టవచ్చు. ఇది స్టార్టప్ ఐడియా కాదు, ఎవరూ పిచ్ డెక్ మొదలుపెట్టకండి. మన సాహితీ క్లబ్ పేజీలో "మన పాటలు" అని ఒక విభాగం. మన కాలేజీవాళ్ళు రాసి, కట్టి, పాడిన తెలుగు పాటలు అందులో ఎంపీ3గా ఉంటాయి. పక్కనే ఆ పాట చేసినవాళ్ళ సొంత క్యూఆర్. ధర 10 రూపాయలు, ఎక్కువ ఇస్తానంటే ఆపేది లేదు. పాట పేరు కింద రాసింది ఎవరు, బాణీ ఎవరిది, పాడింది ఎవరు, మూడూ తప్పకుండా ఉండాలి. తాళాలు వద్దు. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసుకుంటారా, చేసుకోనివ్వండి, ఫైల్ కవర్ బొమ్మ మీదే ఆ క్యూఆర్ ఉంటుంది కాబట్టి పాటతో పాటు అది కూడా వెళ్తుంది. యాప్‌లలో పాట ఎలాగూ ఉంటుంది, ఉండనివ్వండి. వినడానికి అది, ఇవ్వడానికి ఇది.

అందరూ ఇస్తారా? ఇవ్వరు. రేడియోహెడ్‌కే ఇవ్వనివాళ్ళు మన సీనియర్‌కి ఇస్తారా! కానీ మామ చెప్పిన మాట తిరగేసి చూడండి. ఎక్కించినందుకు డబ్బులిచ్చిన జనానికి పాటకి ఇవ్వమని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అడిగినా కార్డు, ఓటీపీలతో అడిగారు. పాట చేసినవాడే పక్క రూమ్‌లో ఉండి, 10 రూపాయలు అడిగి, స్కాన్ చేస్తే 5 సెకన్లలో అయిపోతే ఎంతమంది ఇస్తారో మనకి ఇప్పటిదాకా తెలియదు. తెలుసుకోవడానికి ఒక సెమిస్టర్ చాలు.

ఈ నెల క్లబ్ మీటింగ్‌లో ఈ విషయం పెడుతున్నాను. పేజీ తయారు చేయడానికి ఇద్దరు, కవర్ బొమ్మలు వేయడానికి ఒకరు కావాలి. పాట ఉన్నవాళ్ళు పాట తెండి. మొదటి పాట మా సీనియర్‌ది, అడిగితే ఒప్పుకున్నాడు. దానికి మొదటి 10 రూపాయలు నేనిస్తాను, రెండోది బస్సులో చొక్కా గురించి అడిగిన మా దోస్తు చేత ఇప్పిస్తాను.